ముప్పై కిలోమీటర్ల ఎత్తుకు మన గైగర్ కౌంటర్: హైదరాబాద్ విద్యార్థులకు అడుగడుగు మార్గదర్శి

అంతరిక్ష ప్రయోగం చేయాలని వచ్చే ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామంది మొదటి మాటలోనే "శాటిలైట్ చేద్దాం సార్" అంటారు. కోరిక మంచిదే. 2010 జులై 12న పీఎస్ఎల్వీ-సీ15 మీద వెళ్లిన స్టడ్‌శాట్‌ని హైదరాబాద్, బెంగళూరు కాలేజీల విద్యార్థులే కలిసి తయారు చేశారు. బరువు కిలో కూడా లేదు. అయితే ఉపగ్రహం ఏళ్ల తరబడి సాగే పని. మొదలుపెట్టిన బ్యాచ్ పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోతే, తర్వాతి బ్యాచ్‌కి సగం తీగలు, అర్థంకాని కోడు మిగులుతాయి. అందుకే నేను ముందు బెలూన్ పేలోడ్ (బెలూన్‌కు వేలాడి పైకి వెళ్లే పరికరాల డబ్బా) చేయమంటాను. ఆషాఢంలో మొదలుపెడితే ఉగాది లోపు కొలత చేతికొస్తుంది.

ఈ పనికి హైదరాబాద్ కన్నా మంచి ఊరు దేశంలో లేదు. ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా పెద్ద పెద్ద పాలిథీన్ బెలూన్లను సొంతంగా తయారు చేసి ఎగరేస్తోంది. 2005 ఏప్రిల్‌లో ఇక్కడి నుంచి వెళ్లిన ఇస్రో ప్రయోగం 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు పట్టుకొచ్చింది. వాటిని మన ఊరి జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీలోనూ, పుణేలోనూ పరీక్షిస్తే మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు బయటపడ్డాయని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట్ట పేరు పెట్టారు. ఇంకో సౌకర్యమూ ఉంది. మనం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి తక్కువ శక్తి ఉన్న కాస్మిక్ కిరణాలను (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలను) ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రమే పక్కకు నెట్టేస్తుంది. ధ్రువాల దగ్గర వచ్చే గ్రాఫూ మన దగ్గర వచ్చే గ్రాఫూ ఒకటి కావు. మీ కొలతకు విలువ తెచ్చేది ఆ తేడాయే.

ఈ మార్గదర్శిలో ఒకే ప్రయోగం తీసుకుంటాను: ఎత్తు పెరిగేకొద్దీ, రేడియేషన్ కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే గైగర్ కౌంటర్ లెక్క ఎలా మారుతుందో కొలవడం.

ముందు గ్రాఫ్ గీయండి

ఏ విడిభాగమూ కొనకముందే, జట్టంతా కూర్చుని తెల్లకాగితం మీద రాబోయే ఫలితాన్ని పెన్సిల్‌తో గీయండి. అడ్డంగా ఎత్తు, నిలువుగా నిమిషానికి లెక్క.

నేల మీద లెక్కలో కొంత మన రాళ్లదే. హైదరాబాద్ గ్రానైట్ మీద కూర్చున్న ఊరు. ఆ రాయిలో పొటాషియం, థోరియం, యురేనియం ఉంటాయి. బెలూన్ లేవగానే ఈ భాగం తగ్గిపోతుంది కాబట్టి గీత మొదట కొద్దిగా కిందికి దిగుతుంది, ఆ తర్వాతే పైకి లేస్తుంది. 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ ఐదు కిలోమీటర్లు దాటి బెలూన్‌లో వెళ్లి గమనించింది ఇదే. పైకి వెళ్లేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందంటే అది భూమి నుంచి కాక ఆకాశం నుంచి వస్తోందని తేల్చాడు. 1936లో నోబెల్ వచ్చింది. మీ గీత ఇంకా పైకి పోయి, 15 నుంచి 20 కిలోమీటర్ల మధ్య ఎక్కడో శిఖరాన్ని తాకి మళ్లీ దిగాలి. అంతరిక్షం నుంచి వచ్చిన కణం గాలి అణువులను ఢీకొట్టి పుట్టించే పిల్ల కణాల జల్లు అక్కడ అత్యధికంగా ఉంటుంది. ఇంకా పైకి పోతే ఢీకొట్టడానికి గాలే చాలినంత ఉండదు.

ఇప్పుడు గ్రాఫ్‌ను ప్రశ్నలు అడగండి. శిఖరం ఎత్తును ఎంత కచ్చితంగా చెప్పాలి? బెలూన్ సెకనుకు 5 మీటర్ల వేగంతో లేస్తే నిమిషానికి 300 మీటర్లు. నిమిషంలో 25 లెక్కలు వస్తే సహజమైన ఊగిసలాట దాని వర్గమూలం, అంటే 5. ఇరవై శాతం! పది శాతానికి తేవాలంటే వంద లెక్కలు కావాలి. నేల దగ్గర దానికి నాలుగు నిమిషాలు పడుతుంది, శిఖరం దగ్గర లెక్క ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి నిమిషం లోపే అయిపోతుంది. కౌంటర్‌లో కణాన్ని పట్టే ట్యూబు ఏది కొనాలి, ఎన్ని సెకన్లకోసారి రాయాలి, ఎత్తు ఎంత సరిగ్గా తెలియాలి అన్నవన్నీ ఈ కాగితం మీదే తేలతాయి. ఈ కాగితం లేకుండా సర్క్యూట్ మొదలుపెట్టిన జట్లకు చివర్లో బోలెడు డేటా ఉంటుంది గానీ, దాన్ని ఏం అడగాలో తెలియదు.

కెమెరా పెట్టాలన్న కోరికను మొదటి ఫ్లైట్‌కి పక్కన పెట్టండి. బరువు, బ్యాటరీ, మీ ధ్యాస మూడింటినీ అదే లాగేసుకుంటుంది.

మనుషులు, కాగితాలు

ఐదారుగురు చాలు. ఈసీఈ, మెకానికల్ వాళ్లతో పాటు ఫిజిక్స్ చదివే ఒకరు ఉండి తీరాలి. ఇద్దరు సెకండియర్ వాళ్లను మొదటి రోజు నుంచీ కూర్చోబెట్టుకోండి.

బెలూన్‌ను ఎవరికి వారు ఎగరేసే వీల్లేదు. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్... మన ఊరి చుట్టూ అన్నీ విమానాల దారులే. విమాన నియంత్రణ అధికారుల అనుమతి లేకుండా చిన్న రబ్బరు బెలూన్‌కు డబ్బా కట్టి వదలడం ప్రాణాలతో ఆడుకోవడమే. సరైన దారి ఏమిటంటే, మీ ప్రొఫెసర్ సంతకంతో, ప్రిన్సిపాల్ ద్వారా బెలూన్ కేంద్రానికి ఒక పేజీ ప్రతిపాదన పంపి, ఏదైనా పెద్ద ప్రయోగం పక్కన మీ డబ్బాకు చోటు అడగడం. ఆ పేజీలో ఏం కొలుస్తారు, బరువు, కొలతలు, ఎంత కరెంటు, రేడియో ఉందా, లోపల ఎక్కువ వోల్టేజీ ఉందా, ఏ రకం బ్యాటరీ అన్నవి సూటిగా రాయండి. మీ గ్రాఫ్‌ను కూడా జత చేయండి. జులైలోనే పంపాలి. ఇక్కడి బెలూన్ ఫ్లైట్లు ఎక్కువగా చలికాలం నుంచి వేసవి మొదటి వరకు జరుగుతాయి.

విడిభాగాలు: డేటాషీట్ చివరి పేజీ దాకా చదవండి

కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు, కనెక్టర్లు, వైర్లు దొరుకుతాయి. నట్లు, బోల్టులు, అల్యూమినియం పట్టీలకు రాణీగంజ్. గైగర్ ట్యూబు, సెన్సార్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. దుకాణంలో అడిగేముందు చూడాల్సినది ధర కాదు, పని చేసే పరిధి.

అందరి దగ్గరా ఉండే బీఎంపీ280 పీడన సెన్సార్ 300 హెక్టోపాస్కల్ (గాలి పీడనానికి కొలత, పైకి పోయేకొద్దీ అంకె తగ్గుతుంది) వరకే నమ్మదగ్గది. అంటే సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు. మీ శిఖరం 15 పైన ఉంది! ఎంఎస్5611 అయితే 10 హెక్టోపాస్కల్ దాకా, అంటే దాదాపు 30 కిలోమీటర్ల దాకా వస్తుంది.

జీపీఎస్ ఇంకా మోసం చేస్తుంది. చౌకగా దొరికే యూబ్లాక్స్ నియో-6ఎం మామూలు సెట్టింగ్‌లో 12 కిలోమీటర్లు దాటగానే స్థానం చెప్పడం మానేస్తుంది. దాన్ని "ఎయిర్‌బోర్న్" మోడ్‌లోకి మారిస్తే 50 కిలోమీటర్ల దాకా పని చేస్తుంది. కరెంటు పోయి వస్తే ఆ సెట్టింగ్ చెరిగిపోవచ్చు కాబట్టి బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ కమాండ్ పంపి, మాడ్యూల్ నుంచి "సరే" అన్న జవాబు వచ్చిందో లేదో కోడ్‌లో చూడండి. వేరే కంపెనీ మాడ్యూళ్లలో కొన్ని 18 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతాయి, అవి కొనకండి.

ట్యూబు విషయానికొస్తే, 400 వోల్టుల మీద నడిచే ఎస్బీఎం-20 లాంటి లోహపు ట్యూబు మొదటి ప్రయోగానికి సరిపోతుంది. గాజు ట్యూబైతే వెలుతురుకు కూడా లెక్కపెట్టేస్తుంది, నల్ల టేపు చుట్టాలి.

400 వోల్టులు, పలచని గాలి

ఈ ప్రయోగంలో జట్లను దెబ్బతీసేది ఇక్కడే. ప్రయోగశాలలో నెలల తరబడి చక్కగా నడిచిన కౌంటర్ 25 కిలోమీటర్ల పైన పిచ్చెక్కినట్టు లెక్కపెడుతుంది.

కారణం పాషెన్ నియమం. రెండు లోహాల మధ్య గాలిలో నిప్పురవ్వ లేవడానికి ఎంత వోల్టేజీ కావాలన్నది పీడనాన్నీ, దూరాన్నీ కలిపి గుణించిన లబ్ధం మీద ఆధారపడుతుంది. నేల మీద ఒక మిల్లీమీటరు ఎడానికి మూడు నాలుగు వేల వోల్టులు కావాలి, కాబట్టి 400 వోల్టులకు ఏమీ కాదు. పీడనం తగ్గేకొద్దీ ఆ హద్దు పడిపోతూ ఒక చోట అడుగుకు చేరుతుంది. గాలికి ఆ అడుగు సుమారు 330 వోల్టులు. అది ఎక్కడ వస్తుందో లెక్క కట్టి చూడండి: 30 కిలోమీటర్ల ఎత్తులో పీడనం సుమారు 12 హెక్టోపాస్కల్. ఆ పీడనంలో అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు ఎడం సరిగ్గా ఆ అడుగు దగ్గరే పడుతుంది. మీ బోర్డు మీద సోల్డర్ చుక్కల మధ్య ఎడం కూడా అంతే!

దీన్ని కళ్లతో చూడొచ్చు. ఫిజిక్స్ ల్యాబ్‌లో బెల్ జార్ (లోపలి గాలి తీసేయగల గాజు పాత్ర), రోటరీ పంపు ఉంటే బోర్డును లోపల పెట్టి గది చీకటి చేయండి. పంపు నడుస్తుండగా లెక్క మామూలుగానే ఉంటుంది. 40, 30, 20 హెక్టోపాస్కల్... ఉన్నట్టుండి నిమిషానికి పాతిక ఉన్నది వేలకు ఎగబాకుతుంది. బోర్డు అంచున, ట్యూబు క్లిప్ దగ్గర, సన్నని ఊదారంగు మెరుపు కనిపిస్తుంది. లోపలికి గాలి వదిలితే మాయం. ఫ్లైట్‌లో ఇదే జరిగితే మీరు దాన్ని కాస్మిక్ కిరణాల శిఖరం అనుకుని పోస్టర్ మీద వేసేస్తారు.

మందు ఇది. ఎక్కువ వోల్టేజీ ఉన్న దారులన్నీ ఎడంగా వేయండి, మొనదేలిన సోల్డర్ చుక్కలను గుండ్రంగా కరిగించండి, బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. ఆ తర్వాత ఎక్కువ వోల్టేజీ భాగం మొత్తాన్ని ఎలక్ట్రానిక్స్‌కు పనికొచ్చే సిలికాన్‌లో ముంచండి. వెనిగర్ వాసన వచ్చే బాత్రూమ్ సిలికాన్ వద్దు, అది రాగిని తినేస్తుంది. పోసేటప్పుడు గాలి బుడగ ఉండిపోతే ఆ బుడగలోనే మళ్లీ మెరుపు వస్తుంది. మెల్లగా, పల్చని పొరలుగా పోయండి. ఎండాక మళ్లీ బెల్ జార్‌లో పెట్టి, నేల పీడనం నుంచి 10 హెక్టోపాస్కల్ వరకు లెక్క మారకుండా ఉంటేనే ముందుకు కదలండి. గాజు జార్‌లో బీట ఉందేమో ముందే చూడండి, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

డబ్బా, బ్యాటరీ

మన నెత్తిన 16–17 కిలోమీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత మైనస్ 75, మైనస్ 80 డిగ్రీలకు దిగుతుంది. ఉష్ణమండలంలో ఆ పొర యూరప్ మీద కన్నా చల్లన. ఫోన్లలో ఉండే లిథియం-అయాన్ సెల్ ఆ చలికి చేతులెత్తేస్తుంది. రీచార్జ్ చేయని లిథియం ఏఏ సెల్స్ మైనస్ 40 దాకా పని చేస్తాయి. బోర్డు మొత్తం 0.75 వాట్లు తాగితే, నేల మీద ఎదురుచూపు, ప్రయాణం, దిగాక వెతుకులాట కలిపి ఆరు గంటలకు 4.5 వాట్-అవర్లు. చలికి రెట్టింపు పెట్టుకుంటే 9. నాలుగు సెల్స్ ఇచ్చేది దాదాపు 18. నాలుగు పెట్టండి.

డబ్బాకు 25 మిల్లీమీటర్ల థర్మాకోల్ చాలు. గాలి బయటికి పోవడానికి చిన్న రంధ్రాలు ఉంచండి. చలి గురించి అందరూ ఆలోచిస్తారు, వేడి గురించి ఎవరూ ఆలోచించరు. పైన వేడిని మోసుకుపోయే గాలి ఉండదు కాబట్టి వోల్టేజ్ రెగ్యులేటర్ కాలిపోవచ్చు. దానికొక అల్యూమినియం పట్టీ తగిలించండి.

రేడియో

బెలూన్ కేంద్రం వారి టెలిమెట్రీ (కొలతలను రేడియోలో కిందికి పంపే ఏర్పాటు) దొరికితే అదే వాడండి. సొంతది పెట్టుకునేటట్టైతే వారి అనుమతితోనే, మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–867 మెగాహెర్ట్జ్‌లో లోరా మాడ్యూల్ (తక్కువ కరెంటుతో దూరం పంపే చిన్న రేడియో). అమెరికా కోసం చేసిన 915 మాడ్యూల్ కొనకండి. వంద కిలోమీటర్ల దూరంలో సిగ్నల్ 131 డెసిబెల్ పడిపోతుంది. 100 మిల్లీవాట్లు, అంటే 20 డీబీఎం (రేడియో శక్తికి డెసిబెల్ లెక్క) పంపితే అందేది సుమారు మైనస్ 110. లోరా నెమ్మది వేగంలో మైనస్ 130 దాకా వినగలదు. ఇరవై డెసిబెల్ మిగులు ఉంది, భయం లేదు. యాంటెన్నాను అడ్డంగా కాకుండా నిలువుగా వేలాడదీయండి. సోమాజిగూడలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో హ్యామ్ లైసెన్సు గురించి అడిగి తెలుసుకోండి, తర్వాతి ప్రయోగాలకు పనికొస్తుంది.

రేడియో ఉన్నా లేకున్నా ప్రతి వరుసా ఎస్డీ కార్డులో పడాలి. వరుస రాసిన ప్రతిసారీ ఫైల్‌ను సింక్ చేయండి (అప్పటికప్పుడు కార్డులో పడేలా చూడండి), లేకపోతే కరెంటు పోయిన క్షణాన చివరి నిమిషాల డేటా గల్లంతు.

పరీక్షలు

ఈ భాగానికి కనీసం రెండు నెలలు కేటాయించండి. సెమిస్టర్ పరీక్షలు అడ్డొస్తాయి, దాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

మొదట గణాంకాల పరీక్ష. కౌంటర్‌ను కదపకుండా ఒకే చోట ఉంచి నిమిషానికోసారి వంద లెక్కలు తీయండి. సగటు, వేరియన్స్ (లెక్కలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే సంఖ్య) రెండూ దాదాపు సమానం కావాలి. వేరియన్స్ బాగా ఎక్కువుంటే అది రేడియేషన్ కాదు, సర్క్యూట్ గోల. లోరా ప్రసారం జరిగిన సెకన్లలో లెక్క పెరుగుతోందేమో విడిగా చూడండి. ఈ దొంగ తరచుగా దొరుకుతాడు.

రోజూ సరిచూసుకోవడానికి రేడియోధార్మిక మూలం కొనాల్సిన పనిలేదు. ఎరువుల దుకాణంలో మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ కిలో తెచ్చుకోండి. అందులోని సహజ పొటాషియం-40 చాలు. ఒకే డబ్బాలో పోసి, ట్యూబుకు ఒకే దూరంలో ఉంచి, ప్రతి పరీక్షకు ముందూ వెనకా పది నిమిషాలు లెక్క తీయండి. ఆ సంఖ్య మారిందంటే మీ పరికరంలో ఏదో మారింది.

చలికి డ్రై ఐస్ వాడండి. మందుల కంపెనీల ఊరు కాబట్టి దొరకడం కష్టం కాదు. మైనస్ 78 డిగ్రీలు. గదిలో గాలి ఆడాలి, చేతులకు మందపాటి గ్లవ్స్ ఉండాలి, మూత బిగించిన డబ్బాలో ఎప్పుడూ పెట్టకూడదు. మూడు గంటలు నడిపి చూడండి. కుదుపులకు షేకర్ టేబుల్ లేకపోతే డబ్బాను బైక్ వెనక కట్టి స్పీడ్ బ్రేకర్లున్న రోడ్డు మీద తిప్పితే ఊడిపోయే కనెక్టర్లన్నీ ఊడిపోతాయి. వాటికి వేడి జిగురు చుక్క వేయండి.

ఎగిరే రోజు, దిగే చోటు

వాతావరణ శాఖ బేగంపేట నుంచి రేడియోసాండ్ (వాతావరణ కొలతలను రేడియోలో పంపే చిన్న పరికరం) కట్టిన బెలూన్లు వదులుతుంది, కొలతల సమయం ఉదయం, సాయంత్రం 5.30. స్టేషన్ సంఖ్య 43128. ఆ డేటా అందరికీ అందుబాటులో ఉంది. పొర పొరకూ గాలి వేగం తీసుకోండి. కిలోమీటరు పొర దాటడానికి 200 సెకన్లు, అక్కడ గాలి సెకనుకు 20 మీటర్లైతే ఆ ఒక్క పొరలోనే 4 కిలోమీటర్లు కొట్టుకుపోతుంది. అన్నీ కలిపితే తూర్పున నల్గొండ వైపా, పడమర వికారాబాద్ వైపా అన్నది తెలుస్తుంది. ఈ లెక్క బెలూన్ కేంద్రం వాళ్లు ఎలాగూ వేస్తారు. మీరూ వేయండి, వారిదానితో పోల్చండి.

డబ్బా మీద తెలుగు, ఉర్దూ, హిందీ, కన్నడలో పెద్ద అక్షరాలతో రాయండి: ఇది విద్యార్థుల శాస్త్ర పరికరం, ప్రమాదం లేదు, తెరవకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో ఒక పెద్ద బెలూన్ క్యాప్సూల్ దిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల జనమంతా గుమిగూడారు. ఆకాశం నుంచి ఏదో పడితే ఎవరికైనా గుండె అదురుతుంది. పేలోడ్ తీసుకోవడానికి వెళ్లినప్పుడు ముందు సర్పంచ్‌ను కలవండి. చేను గల ఆయనతో "పెద్దాయనా, మా కాలేజీ డబ్బా మీ చేన్ల పడ్డది, తీసుకపోవచ్చా?" అని అడిగి, ఆయన చూపించిన గట్టు మీంచే నడవండి. పంట నలిగితే డబ్బు ఇవ్వడానికి మీ బడ్జెట్‌లో ముందే ఒక పద్దు ఉండాలి. ఊరి బడి పిల్లలు చుట్టూ చేరితే పది నిమిషాలు ఆగి, డబ్బా తెరిచి చూపించండి.

డేటా

ఎస్డీ కార్డును అక్కడికక్కడే రెండు చోట్ల కాపీ చేయండి. అసలు ఫైల్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. డబ్బా కాలేజీకి రాగానే పొటాష్ పరీక్ష మళ్లీ చేయండి. ఫ్లైట్‌కి ముందు వచ్చిన లెక్కే వస్తే మీ గ్రాఫ్‌ను నమ్మొచ్చు.

మీ ఉష్ణోగ్రత, పీడనాలను అదే పూట బేగంపేట రేడియోసాండ్‌తో పక్కపక్కన వేయండి. ఎత్తు విషయంలో తేడా వస్తే ముందు అది తేల్చుకోవాలి. లెక్కలో ప్రతి చుక్కకూ నిలువు గీతగా వర్గమూలం వేయండి. ఎస్బీఎం-20కి ఒక్కో లెక్క తర్వాత సుమారు 190 మైక్రోసెకన్ల మూగకాలం (కొత్త కణాన్ని పట్టలేని వ్యవధి) ఉంటుంది. సెకనుకు ఇరవై లెక్కల దగ్గర అది 0.4 శాతమే, అయినా సవరణ చేసి చూపించండి. శిఖరం మీద గీత నునుపుగా లేకుండా ఒక్కసారిగా గోడలా లేస్తే అది కాస్మిక్ కిరణాల పని కాదు, పాషెన్ పని. ఎక్కే దారిలో, దిగే దారిలో ఒకే ఎత్తు దగ్గర లెక్కలు కలుస్తున్నాయో చూస్తే అదీ బయటపడుతుంది.

చివరగా, జులైలో పెన్సిల్‌తో గీసిన కాగితం మీద ఇప్పటి చుక్కలను వేయండి. ఎక్కడ తప్పిందో రిపోర్టులో రాయండి. సర్క్యూట్ బొమ్మ, కోడు, కొన్న దుకాణాల పట్టిక, విఫలమైన పరీక్షల తేదీలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఆ ఇద్దరు సెకండియర్ వాళ్ల చేతికివ్వండి. వాళ్లకు పని సిద్ధంగా ఉంది: రెండు ట్యూబులను ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండూ ఒకేసారి మోగినప్పుడే లెక్కపెట్టేలా చేస్తే, పై నుంచి నిలువుగా వచ్చే కణాలను మాత్రమే వేరుచేయొచ్చు.